వదిన ముఖం వైపు

నల్లగండ్లలో అన్నావదినల ఫ్లాట్‌లో ఉండేది ఆమె. నలభై ఏళ్లుంటాయి. మేధో వైకల్యం ఉన్నవాళ్లు తమ బతుకు గురించి తామేం చెబుతారో వినాలన్నది మా పరిశోధన. అందుకోసం గచ్చిబౌలిలోని యూనివర్సిటీ నుంచి వాళ్లింటికి వెళ్లేదాన్ని.

ఏమడిగినా ఆమె ముందు వదిన ముఖంలోకి చూసేది. పొద్దున ఏం తిన్నావని అడిగినా అంతే. వదిన మా ఇద్దరినీ వదిలి కదిలేది కాదు. "ఏదున్నా నా ముందరనే అడుగుండ్రి మేడం" అనేది. నాకు అనుమానం వచ్చింది. వదిన ఆమెను కొడుతోందేమోనని చేతులు పరీక్షగా చూశాను. దెబ్బలేమీ కనిపించలేదు. అయినా మూడోసారి వెళ్లినప్పుడు నోట్‌బుక్‌లో "వదినంటే భయం" అని రాసుకున్నాను.

అంతలో పార్సిల్ వచ్చి వదిన తలుపు దగ్గరికి వెళ్లింది.

"అక్కా, వదినంటే భయమా?" అని మెల్లగా అడిగాను.

"నాకేం భయం? ఆమెకే నువ్వంటే భయం. ముందుగాల గిట్లనే ఒకామె కాయితాలు పట్టుకొని వచ్చింది. ఆమె మాట విని అన్న నన్ను హాస్టల్‌ల ఏసిండు. వదిననే ఏడ్చి, కొట్లాడి తోల్కొచ్చింది. నువ్వడుగుతుంటే మళ్ల ఏడుస్తదేమోనని చూస్తున్న."

ఆమె నా నోట్‌బుక్ మీద వేలు పెట్టింది.

"ఏం రాసినవ్? చదువు."

చదివాను.

"తప్పు. కొట్టెయ్."

కొట్టేశాను. ఒక్క గీత ఆమెకు సరిపోలేదు. ఒక్క అక్షరమూ కనబడకుండా పోయేదాకా నా చేతినే చూస్తూ కూర్చుంది.