పిన్ని ఊడ్చని మూల

ఆ అపార్టుమెంట్లలో అందరూ పిన్ని అని పిలిచే ఆ మనిషికి నోట్లో నాలుక లేదనేవారు. పంతొమ్మిదేళ్లుగా చీపురు పట్టింది, ఒక్కరికీ ఎదురు చెప్పలేదు. అలాంటిది, మూడు వారాలుగా సైకిల్ స్టాండు వెనక మంచమంత మట్టినేలను ఊడ్వనంటే ఊడ్వనని కూర్చుంది.

కారణం ఆమె చేసిన తప్పే. ఆ మట్టిలో చిన్న చిన్న అడవి తేనెటీగలు బొరియలు చేసుకుంటాయి. పట్టు కట్టవు, గుంపుగా ఉండవు, దేని ఇల్లు దానిదే. బొరియల చుట్టూ లేచే మట్టిని చీమల పని అనుకుని ఇన్నేళ్లూ ఊడ్చేసింది పిన్ని. ఒక పొద్దున, కాళ్ల నిండా పుప్పొడితో తిరిగొచ్చిన ఈగ ఒకటి గుమ్మం కనపడక చీపురు చుట్టూ చక్కర్లు కొట్టింది. పక్కనున్న గులకరాయి, ఎండుటాకు దాని ఇంటి గుర్తులు. అవి అప్పటికే చెత్తబండిలో ఉన్నాయి. ఈగ మధ్యాహ్నం దాకా వెతికింది. ఆ రోజు పిన్నికి ముద్ద దిగలేదు.

ఇప్పుడు అపార్టుమెంట్ల కమిటీ అక్కడ టైల్స్ వేయిస్తానంది.

"ఈగల కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా?" అన్నాడు భర్త.

"ఇన్నేళ్లూ వాటి కొంపలు కూల్చింది నేను. ఇక కూల్చను."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిది ఇంకో మెట్టు పైనే ఉంటుంది.

టైల్స్ వేసే రోజు పొద్దున్నే సూపర్‌వైజర్ వచ్చాడు. "ఏమ్మా, ఊడ్చి పెట్టు. లేదంటే చీపురు ఇచ్చేసి వెళ్లిపో."

పిన్నికి చీమ కుట్టినట్టయినా లేదు. చీపురు అతని చేతిలో పెట్టింది. "మీరే ఊడ్చండి సార్."

"ఈ ఈగలు కుడతాయా?" అన్నాడు.

"వాటి జోలికి పోతే తప్ప కుట్టవు. అందుకేగా అందరికీ వాటంటే ఇంత చులకన."

అతను రెండడుగులు ముందుకేశాడు. ఈగ ఒకటి వచ్చి అతని బూటు చుట్టూ తిరగసాగింది. తోలినా పోలేదు.

"గుమ్మం మీద నిలబడ్డారు," అంది పిన్ని. "కాలు తీయండి."

పంతొమ్మిదేళ్లలో ఆమె ఇచ్చిన మొదటి హుకుం అది. సార్ అని కూడా అనలేదు.

అతను కాలు తీశాడు. ఈగ మట్టి గీకి లోపలికి దూరింది. అతను చీపురు చంకన పెట్టుకుని, ఫోన్ తీసి, సైకిల్ స్టాండు దాకా వేస్తే చాలని టైల్స్ వాళ్లకు చెప్పాడు.

"కమిటీ వాళ్లు అడిగితే ఏం చెప్పను?" అన్నాడు.

"పిన్ని ఒప్పుకోలేదని చెప్పండి," అంది. చీపురు తీసుకుని మెట్లు ఊడ్వడానికి వెళ్లింది.