చెవి జ్వరం వచ్చిన ఏడాది

డార్కస్ ఆక్‌రాయిడ్‌కి మనిషి మొహంతో పనిలేదు. ఎదురుపడి పలకరిస్తే బదులు పలకదు. వంగి, మన కోటు అంచు పట్టుకుని, తిరగేసి, లోపలి కుట్టు చూస్తుంది. చేతికుట్టయితే "బాగున్నావా?" అంటుంది. మిషను కుట్టయితే ముందొక నిట్టూర్పు విడిచి, ఆ తరవాత "బాగున్నావా?" అంటుంది. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను బస్సు డ్రైవరుగా రిటైరయ్యేదాకా రోజూ ఆ నిట్టూర్పు వినే డ్యూటీకి వెళ్ళాను. కంపెనీ వాళ్ళు యూనిఫారాలు చేత్తో కుట్టించరు కదా, దానికి నన్నేం చేయమంటారు?

దీనికి వేళాపాళా ఉండదు. చర్చిలో ఆర్గాన్ వాయించే ముసలాయన పోయినప్పుడు ఊరంతా సమాధి చుట్టూ తలలు వంచుకుని నిలబడి ఉంది. పాదిరి గారు ప్రార్థన చదువుతున్నారు. కళ్ళు తెరిచి చూద్దును కదా, డార్కస్ వంగి ఆయన తెల్లంగీ అంచు తిరగేస్తోంది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. మా ఆవిడ మ్యూరియల్ రుమాలు నోట్లో కుక్కుకుంది, ఏడుపు ఆపుకోవడానికి మాత్రం కాదు. పాదిరి గారు చదవడం ఆపకుండానే అంగీ మెల్లిగా వెనక్కి లాక్కున్నారు. డార్కస్ లేచి, చుట్టుపక్కలందరికీ వినపడేలా, అది కుట్టిన ఆయన తల్లి చెయ్యి మంచిదని చెప్పింది.

అసలు చిక్కంతా మా ఊరి నడకతో వచ్చింది. ప్రతి ఆగస్టులోనూ థార్న్‌బెక్ ఊరు ఊరంతా రెండొందల ఏళ్ళ కిందటి బట్టలు వేసుకుని సంతగుమ్మం నుంచి చర్చిదాకా నడుస్తుంది. తరవాత చర్చి మైదానంలో టీ, కేకులు. మిగతావాళ్ళకి అది సరదా. డార్కస్‌కి సరదా కాదు. సంతగుమ్మం దగ్గర పీట వేసుకుని నిలబడి, వచ్చినవాళ్ళ బట్టల అంచులు వచ్చినట్టే తిరగేస్తుంది. జిప్పు కనపడితే ఇంటికి పంపిస్తుంది. పిన్నీసు కనపడితే పీకేస్తుంది. పైగా ఒకటే మాట: "ఆ కాలంలో అది లేదు." నడక కమిటీ పెద్ద లాయరు పెంబర్టన్. ఆయన భార్యని నల్లకళ్ళద్దాలతో వచ్చిందని ఒక ఏడాది ఇంటికి తోలేసింది. అప్పటి నుంచీ పెంబర్టన్‌కి డార్కస్ పేరు చెబితేనే ఒళ్ళు మంట.

నాకు జరిగింది ఇంకా అన్యాయం. మోకాళ్ళ దాకా ఉండే ఆ కాలపు లాగు నాకు నడుం దగ్గర నిలవదు. అందుకని మ్యూరియల్ లోపల కాస్త ఎలాస్టిక్కు పెట్టింది. ఎవరు చూస్తారులే అనుకున్నాం. డార్కస్ చూసింది. చూసి ఊరుకుందా? సంతగుమ్మం నడిబొడ్డున, బ్యాండు వాళ్ళ ఎదురుగా, ఆ ఎలాస్టిక్కు కొస పట్టుకుని సర్రున లాగేసి తన సంచిలో వేసుకుంది. నేను చర్చిదాకా లాగు రెండు చేతులతో పట్టుకుని నడిచాను. దారిలో ఎవరు చెయ్యి ఊపినా తిరిగి ఊపలేకపోయాను. ఎంత పొగరో వీడికి అనుకున్నారట.

ఇక టోపీల సంగతి. డార్కస్ వంటిల్లు వంటిల్లు కాదు, టోపీల కార్ఖానా. కెటిల్లో నీళ్ళు కాగేది టీకి కాదు, ఆవిరి మీద ఉన్నిబట్ట మెత్తబరచి దిమ్మకి బిగించడానికి. తలల కొలతకి తగ్గ చెక్క దిమ్మలు చాలక, ఆవిడ సంతకెళ్ళి క్యాబేజీలు టేపుతో కొలిచి కొనుక్కొచ్చేది. కూరగాయల వాడి ముందు ఒక క్యాబేజీ ఎత్తి, ఇది అచ్చం పెంబర్టనే, కాస్త పైన చదును, అనేది. దాని మీద గంజి పెట్టిన బక్రం గుడ్డ బిగించి, తీగ చుట్టి, ఆరాక టోపీ తీసేసి, క్యాబేజీని ఉడకబెట్టుకుని తినేసేది. ఒకసారి నేను గోడ మీద నుంచి ఏం వండుతున్నారని అడిగితే "ఇవాళ పోలీసు సార్జెంటు" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఇంత కొలతల మనిషికీ మ్యూరియల్ తల అంటే మాత్రం భక్తి. మా ఆవిడ జుట్టు అలాంటిది. గోధుమ రంగు, ఒత్తుగా, విప్పితే నడుం దాటేది. దాన్ని ముడివేసి, ముడి మీద డార్కస్ గడ్డిటోపీ పెట్టుకుని, ఏటా నడక ముందు వరసలో పోయేది మ్యూరియలే. ఆ టోపీకి వెనక ముడి పట్టేటంత గూడు కట్టడానికి డార్కస్ వారాల తరబడి కూర్చునేది. ఊళ్ళో అందరూ ఆ జుట్టు చూడ్డానికే వచ్చేవారని నా నమ్మకం. నేనూ అందులో ఒకణ్ణి.

ఒక ఏడాది చలికాలంలో ఆ జుట్టు ఊడిపోయింది. ముందు కుచ్చులు కుచ్చులుగా, తరవాత మొత్తం, కనుబొమలతో సహా. ఒంట్లో ఇంకే లోపమూ లేదనీ, జుట్టు మళ్ళీ రావచ్చు రాకపోవచ్చుననీ డాక్టరు చెప్పాడు. అతగాడికి అది చిన్న విషయం. మ్యూరియల్ వీధి తలుపు తీయడం మానేసింది. పాలసీసాలు నేనే లోపలికి తెచ్చేవాణ్ణి. బజారు నేనే చేసేవాణ్ణి. సాయంత్రాలు కర్టెన్లు మూసి ఇద్దరం కూర్చునేవాళ్ళం. నవ్వితే వీధి చివరకి వినపడే మనిషి నా పెళ్ళాం. ఆ ఇంట్లో గడియారం చప్పుడు నాకు మొదటిసారి వినిపించింది. నాకు చాలా భయం వేసింది.

తలంతా కప్పే సవరం టోపీ, అదే విగ్గు, ఒకటి కొనుక్కొచ్చాను. చాలా ఖరీదైంది. మ్యూరియల్ పెట్టుకుని అద్దంలో చూసుకుని, నెత్తిన పిల్లి పడుకున్నట్టుందని తీసేసింది. సరిగ్గా ఆ టైములో డార్కస్ వెనక గుమ్మం గుండా లోపలికొచ్చింది. ఆవిడ మ్యూరియల్ బోడి తల వంక ఒకసారి చూసి, బల్ల మీదున్న సవరం అందుకుని, ఏం చేసి ఉంటుందో మీకు తెలుసు, తిరగేసింది. కుట్టు చూసి నిట్టూర్చింది.

"మిషను," అంది.

ఆ మాటకి మ్యూరియల్ కాస్త నవ్వింది, నెలల తరవాత.

టీ తాగుతూ డార్కస్ ఈ ఏటి నడక మాటెత్తింది. మ్యూరియల్ రానంది. చర్చిదాకా మామూలు టోపీ పెట్టుకు రావచ్చు కదా అని నేనన్నాను. మ్యూరియల్ నా వంక కాదు, డార్కస్ వంక చూసి చెప్పింది.

"కనుబొమల దాకా కప్పుకుని వస్తే ఊరంతా నా తలే చూస్తుంది. అందరిలో నేనొక్కదాన్నే అలా ఉంటే, ఎందుకో చెప్పక్కర్లేదు కదా. నా వల్ల కాదు డార్కస్. ఈ ఏడే కాదు, ఇంక రాను."

డార్కస్ కప్పు కింద పెట్టి, మా బల్లగుడ్డ అంచు తిరగేసి చూసుకుంటూ చాలాసేపు కూర్చుంది. తరవాత వెళ్ళిపోయింది. ఓదార్పుగా ఒక్క మాట చెప్పని మనిషి ఏం మనిషని నాకు ఒళ్ళు మండింది.

జూన్‌లో చర్చి హాల్లో నడక మీటింగు. నేను వెళ్ళాను, ఈసారి మా ఇంటి నుంచి ఎవరూ రారని చెప్పడానికి. నేను లేచేలోపే డార్కస్ లేచింది. ఈ ఏటి నడక పద్దెనిమిదివందల పన్నెండో సంవత్సరం ప్రకారం జరగాలంది. ఆ వేసవిలో మన లోయలో చెవి జ్వరం వచ్చిందంది. గాలి సోకితే చెవులు వాచి మనిషి మంచాన పడేవాడట. అందుకని జమీందారు దగ్గర్నుంచి పొగగొట్టాలు ఊడ్చేవాడి దాకా, ఆడా మగా, ప్రతి ఒక్కరూ కనుబొమల నుంచి మెడ దాకా తెల్ల నారబట్ట కుచ్చుటోపీ బిగించి గడ్డం కింద ముడేసుకున్నారట. కనుబొమలు గాలికి మరీ లోకువట. పైన మామూలు టోపీ పెట్టుకోవచ్చు. కుచ్చుటోపీ లేనివాళ్ళు నడకకి రానక్కర్లేదు.

మాంసం కొట్టు హగ్ బ్రెయిత్‌వెయిట్ మెడ ఎద్దు మెడ. అతను లేచి, కుచ్చులు మగాళ్ళకి కూడానా అని అడిగాడు. మగాళ్ళకి రెండు వరసలంది డార్కస్, వాళ్ళ చెవులు పెద్దవి కనక. పోలీసు సార్జెంటు తన పరువు సంగతి ఏమిటన్నాడు. పెంబర్టన్ ఎర్రబడిపోయి, ఇంతకాలం లేని ఈ జ్వరం ఎక్కణ్ణుంచి ఊడిపడిందని నిలదీశాడు. డార్కస్ రెప్ప వెయ్యకుండా చూసింది. "ఆ కాలంలో ఉంది" అంది. జన్మలో మొదటిసారి ఆవిడ నోట ఆ మాట తిరగబడి విన్నాం. అందుకే అందరూ నమ్మేశారు. జిప్పుని క్షమించని మనిషి చరిత్ర విషయంలో తప్పెందుకు చెబుతుంది?

ఇంటికొచ్చి మ్యూరియల్ దగ్గర చిందులు తొక్కాను. ఆవిడకి పిచ్చి ముదిరిందన్నాను. హగ్ తలకి కుచ్చులేమిటన్నాను. మ్యూరియల్ అల్లిక పక్కన పెట్టి శ్రద్ధగా వింది.

"అందరూనా? సార్జెంటు కూడానా?"

పాదిరి గారు కూడా అన్నాను. ఇంకోసారి మొదట్నుంచి చెప్పమంది. చెప్పాను. నాకు బుర్ర ఉన్నది టోపీ పెట్టుకోవడానికే గనక ఇంకేమీ ఆలోచించలేదు.

ఆ తరవాత డార్కస్ టేపు పట్టుకుని ఊరి మీద పడింది. కనపడిన తలనల్లా కొలిచింది. తన పక్కదుప్పట్లూ బల్లగుడ్డలూ, చివరికి పడకగది కర్టెన్లూ కత్తిరించేసింది. గోడ అవతల నుంచి పగలంతా ఏదో గరగర మోత. ఫ్రిజ్జు చెడిపోయిందేమో, పాపం, డబ్బుల్లేక బాగు చేయించుకోలేదేమో అనుకున్నాను. నడక ముందు వారం మ్యూరియల్ అటక మీదున్న ఊదారంగు గౌను దించమంది. దించాను. చూసి మురిసిపోయాను గానీ కారణం అడగలేదు, అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని.

ఆ రోజు సంతగుమ్మం చూసి నేను నిర్ఘాంతపోయాను. ఊరంతా తెల్ల కుచ్చుటోపీలే. హగ్ మొహం కుచ్చుల మధ్య పెద్ద పసిబిడ్డ మొహంలా ఉంది. సార్జెంటు ఎవరి కళ్ళలోకీ చూడటం లేదు. పాదిరి గారి ముడి ఊడి నోటికి అడ్డం పడుతోంది. జుట్టెవరిదో, బట్టతలెవరిదో, కనుబొమలెవరికి ఉన్నాయో చెప్పడం ఎవరి తరమూ కాదు. నేను లాగు సర్దుకుని పక్కకి తిరిగేసరికి మ్యూరియల్ జనంలో కలిసిపోయింది. ఆ కిక్కిరిసిన జనంలో కనపడేవి తలలే, ఆవిడ ఊదారంగు గౌను ఎంత వెతికినా కనపడలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన పెళ్ళాన్ని నేనే పోల్చుకోలేకపోయాను. అప్పటికి వెలిగింది నా బుర్రలో.

అంతలో పెంబర్టన్ వచ్చాడు, టోపీ లేకుండా, గెలిచినవాడి నడకతో. జిల్లా పాత దస్తావేజులన్నీ తిరగేయించాననీ, చెవి జ్వరం అనేది ఏ కాలంలోనూ లేదనీ గట్టిగా చెప్పాడు. అందరూ ఈ వేషాలు తీసి పారేయవచ్చన్నాడు. హగ్ చెయ్యి అప్పుడే గడ్డం కింద ముడి మీదకి పోయింది. ఒక్క ముడి ఊడితే అన్నీ ఊడతాయి. చివరికి ఆ గుంపులో ఒక్క టోపీయే మిగులుతుంది.

డార్కస్ పీట మీద పాలిపోయి నిలబడింది. అప్పుడు గుంపు మధ్యలో సందు చేసుకుని ఒక తెల్లటోపీ కదిలింది, కింద ఊదారంగు గౌను. మ్యూరియల్ రెండు చేతులతో తన టోపీ అంచు పట్టుకుని బిగించుకుంటోంది. పెంబర్టన్ అటు చూశాడు. మళ్ళీ చూశాడు. చలికాలం నుంచీ ఆవిడ బయటకి రాలేదని అతనికీ తెలుసు. మనిషి ముఖంలో రంగు మారింది.

డార్కస్ వైపు తిరిగాడు. "పొద్దుట్నుంచీ నాకు ఎడమచెవి కాస్త పోటుగానే ఉంది మిస్ ఆక్‌రాయిడ్. నా కొలతది ఏమైనా మిగిలిందా?"

మిగలడమేమిటి, తయారుగా ఉంది, పైన చదునుతో సహా. హగ్ చెయ్యి ముడి మీద నుంచి దిగిపోయింది. బ్యాండు మొదలైంది. ముందు వరసలో ఊదారంగు గౌను ఎప్పటిలాగే నడిచింది, ఈ చివర కుచ్చుల లాయరు, ఆ చివర కుచ్చుల పోలీసు. మ్యూరియల్ నవ్వు వీధి చివరకి వినపడింది.

చర్చి మైదానంలో టీ తాగుతూ చెమటకి తాళలేక నా కుచ్చుటోపీ తీశాను. చెయ్యి ఊరుకోలేదు, అంచు తిరగేశాను. చూసి కళ్ళు తేలేశాను. మిషను కుట్టు. పక్కనున్న హగ్ టోపీ తిరగేశాను. మిషను. పాదిరి గారిది, మిషను. గరగరమన్నది ఫ్రిజ్జు కాదన్నమాట. పాదిరి గారింట్లో పేకాట జరిగిందన్నా నేనంత అదిరిపోయేవాణ్ణి కాదు. తిన్నగా డార్కస్ దగ్గరకెళ్ళి, టోపీ ముందు పెట్టి, ఇదేమిటన్నాను.

"గట్టిగా అనకు ఆల్ఫ్," అంది చుట్టూ చూసి. "మిషను పక్కూరి నుంచి అద్దెకి తెచ్చా. ఇక్కడ అడిగితే పరువు పోదూ?"

"మరి చెవి జ్వరం?"

"ఆ కాలంలో అది లేదు," అంది, కేకు కొరుకుతూ. కాస్త ఆగి మ్యూరియల్ కూర్చున్న వైపు చూసి, "ఉండాల్సింది," అంది.

మ్యూరియల్ పక్కన కూర్చుని ఆమె టోపీ అంచు కొంచెం ఎత్తి చూశాను. ఒక్కటంటే ఒక్కటి, ఊరందరిలో, చేతికుట్టు. నువ్వుగింజ కన్నా సన్నగా, చుట్టూ, ఒక్క వంకర లేకుండా. అది చెప్పి దండం పెడదామని లేచి డార్కస్ దగ్గరకి తిరిగి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ వంగి నా లాగు నడుం అంచు తిరగేసింది. లోపల ఏదో తెల్లగా సాగింది. ఆ హడావిడిలో ఎలాస్టిక్కు మళ్ళీ పెట్టించుకున్న సంగతి నేనే మర్చిపోయాను.

"ఆ కాలంలో అది లేదు," అని సర్రున లాగేసింది.

ఇంటిదాకా రెండు చేతులతో లాగు పట్టుకునే నడిచాను. నా పక్కన మ్యూరియల్, కుచ్చుటోపీ గాలికి ఊగుతుండగా, ఎదురైన ప్రతివాళ్ళకీ నా తరఫున కూడా చెయ్యి ఊపింది.