ఎవరూ తొక్కని చోటు

ఆస్ట్రేలియాలో మేముండే టూవూంబా కొండ మీది ఊరు. సముద్రం ఇక్కడికి దూరం. ఒడ్డున తిరిగిన కారు కొనొద్దు, తుప్పు పట్టి ఉంటుంది, కొంటే మన ఊళ్లో తిరిగిన కారే కొను అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ సలహాలిచ్చినవాణ్ణి నేను. అలాంటిది ఆ శనివారం పొద్దున్న మా అమ్మాయి కారు బానెట్ ఎత్తి, రేడియేటర్‌ని పట్టి ఉంచే బోల్టు చూద్దును కదా, తుప్పు ముద్దయి ఉంది. అది బోల్టని తెలిసినవాడు తప్ప ఇంకెవడూ పోల్చుకోలేడు.

అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. సోమవారం నుంచి బ్రిస్బేన్‌లో ఒక ఆసుపత్రిలో ప్లేస్‌మెంట్, అంటే చదువులో భాగంగా పని నేర్చుకోవడం. స్నేహితురాలి ఇంట్లో ఉంటూ షిఫ్టులకి కారులో వెళ్లాలి. తెల్లవారుజామున అటువైపు బస్సులుండవు. అంచేత ఆదివారం తనే కారు నడుపుకుంటూ కొండ దిగి వెళ్తుంది. ఆ దారిన ఒక్కతే వెళ్లడం అదే మొదటిసారి. ఈ ప్లేస్‌మెంట్ తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే.

సరిగ్గా శుక్రవారం సాయంత్రం కారు కింద పచ్చటి నీళ్లు మడుగు కట్టాయి. రేడియేటర్ కారుతోంది. వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే వచ్చే బుధవారం దాకా ఖాళీ లేదన్నారు.

మా దగ్గరే ఉండే మా అమ్మ ఆ మడుగు చూసింది. ఇంకేముంది. బయల్దేరబోయే ముందు బండి ఇలా అయిందంటే దేవుడు వద్దని చెప్పడమేనంది. పిల్లని పంపొద్దంది. కాలేజీకి ఉత్తరం రాసి వాయిదా వేయించమంది. అమ్మాయి గదిలోకి పోయి తలుపేసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. శకునం లేదు గాడిద గుడ్డూ లేదు, రేపు సాయంత్రానికల్లా కొత్త రేడియేటర్ కొనుక్కొచ్చి నేనే బిగించి చూపిస్తానని అందరూ వినేలా అన్నాను. నేను యూనివర్సిటీలో సివిల్ ఇంజినీరింగ్ చెబుతాను. మా ఆవిడ డాక్టరు. ఉన్నవి ఊడగొట్టకుండా ఉంటే అదే పదివేలని చెప్పి శనివారం డ్యూటీకి వెళ్లిపోయింది.

పాత రేడియేటర్ తీయాలంటే పైన రెండు బోల్టులు విప్పాలి. కుడివైపుది పానా వేసి కదిపితే చాలు, తర్వాత వేళ్లతోనే వచ్చేసింది. తళతళలాడుతోంది. ఎడమవైపుదే ఇలా తగలడింది. ఒకే కారులో, మూరెడు దూరంలో ఇంత తేడా ఎలా వస్తుంది? నాకు ఒకటే తోచింది. కారు అమ్మినాయన దాన్ని సముద్రానికి తోలుకెళ్లి ఉంటాడు, నాకు చెప్పలేదు. ఆయన ఇక్కడే ఉండే మన తెలుగు డాక్టరు, పెద్దమనిషి. అయినా ఊరుకోలేక ఫోన్ చేసి అడిగేశాను. ఆయన నొచ్చుకున్నాడు. తనకి ఈత రాదనీ, పడవ చూస్తేనే కళ్లు తిరుగుతాయనీ, బీచికి ఎప్పుడు వెళ్లినా భార్య కారులోనే వెళ్లామనీ చెప్పాడు. సారీ చెప్పి పెట్టేశాను.

బోల్టు మీద తుప్పు వదలగొట్టే నూనె కొట్టాను. కాసేపు ఆగి సుత్తితో తలమీద చిన్నగా తట్టాను. మళ్లీ నూనె. ఇలాంటివాటిని ఒకేసారి విప్పబోతే విరుగుతాయి. ముందు వెంట్రుకవాసి బిగించి, ఆ తర్వాత వెంట్రుకవాసి విప్పుతూ మచ్చిక చేసుకోవాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా ఓపిక ఉండాలిగా. టార్చి పట్టుకున్న అమ్మాయి, “నాన్నా, యూ ఆర్ షౌటింగ్ ఎట్ ఎ బోల్ట్” అంది. అప్పుడు గానీ తిడుతున్నానని నాకే తెలియలేదు. పానా జారి జారి బోల్టు తల గుండ్రంగా అరిగిపోయింది. దాన్ని పట్టుకారుతో బిగించి పట్టి, పళ్లు కొరుక్కుని ఒక్క తిప్పు తిప్పాను. టక్కుమంది. సగం నా పట్టుకారులో, సగం లోపల.

పోతే పోయింది, రేడియేటర్ ఊడింది. పైకెత్తి చూస్తే ఎడమ పక్కన కింది మూల అల్యూమినియం తెల్లగా పొడిపొడి అయిపోయి ఉంది. కారింది అక్కడే. ఆ కింద రేకు మీద తెల్లటి గడ్డలు పేరుకుని ఉన్నాయి. ఏమిటో చూద్దామని కాస్త వేలికి అంటించుకుని నాలుక మీద పెట్టుకోబోయాను. “కూలెంట్ పాయిజన్ నాన్నా!” అని అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లాగేసింది. అప్పుడు తల తిప్పితే, బోల్టుకి ఆనుకుని హెడ్‌లైటు వెనకాల నల్లటి మూట ఒకటి వేలాడుతూ కనిపించింది. అది ఇదివరకు చూశాను. కంపెనీవాళ్లు పెట్టిన రబ్బరేదో అనుకున్నాను. దానికి నల్లదారంతో ముడి వేసి ఉందని ఇప్పుడు చూశాను. పిండితే నీళ్లు కారాయి.

అమ్మాయి మొహం చూస్తే దొంగ దొరికినట్టే ఉంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ ఇద్దరు దొంగలు. కారు కొన్నప్పటి నుంచీ ప్రతి అమావాస్యకీ నానమ్మ రమ్మంటుందట, తను లోపల మీట లాగి బానెట్ తెరుస్తుందట. నానమ్మ కొత్త ఉప్పు మూట కట్టి, పాత మూటలో ఉప్పు అక్కడే లోపల ఒంపేస్తుందట. దిష్టి తీసిన ఉప్పు ఎవరూ తొక్కని చోట వెయ్యాలి కదా. ఈ ఊళ్లో ఎటు చూసినా ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు, కారు బానెట్ లోపల ఎవడు తొక్కుతాడని ఆవిడ లెక్క. నాకెందుకు చెప్పలేదే అంటే, “యూ విల్ గెట్ యాంగ్రీ” అంది. రాలేదా మరి, వచ్చింది.

విరిగిన బోల్టు పట్టుకుని ఇంట్లోకి వెళ్లాను. అమ్మ వంటగదిలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కంచే చేను మేసిందమ్మా అంటూ మొదలుపెట్టాను. పొగమంచుకి ఉప్పు ఎలా కరిగిందో, కరిగిన నీళ్లు బోల్టు మీంచి రేడియేటర్ మీదికి ఎలా కారాయో, అల్యూమినియం ఎలా చిల్లులు పడిందో, క్లాసులో కూడా అంత గట్టిగా చెప్పి ఉండను. శకునమూ కాదు, దేవుడు వద్దనడమూ కాదు, నీ ఉప్పే అన్నాను.

అమ్మ బోల్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“ఇంత ఇనుమునీ తినేసిందా?”

“తినేసింది.”

దాన్ని పక్కన పెట్టి మళ్లీ ఒక కాయ అందుకుంది. గెలిచాననే అనుకున్నాను.

“అయితే పిల్ల మీద ఎంత దిష్టి ఉందో చూడరా. అంతా దీనికి తగిలింది. దానికి తగల్లేదు. ఇంక భయం లేదు, వెళ్లమను.”

నేను నోరు తెరిచాను. ఆవిడ చిక్కుడుకాయల మీద నుంచి తల ఎత్తలేదు.

“నిన్నటి నుంచి నువ్వు ఆ టైర్లు ఎన్నిసార్లు తన్ని చూశావో నేనేమన్నా అన్నానా?”

ఎన్నిసార్లో నేనూ లెక్కపెట్టలేదు. నిజంగానే నాకు భయంగా ఉంది. ఆ కొండ దారిలో ముందొక లారీ, వెనకొక లారీ, మధ్యలో అమ్మాయి చిన్న కారు. రాత్రి నుంచీ కళ్లముందు అదే కనపడుతోంది. ఎవరికీ చెప్పలేదు. పంపొద్దని అమ్మ పైకి అంది, నేను అనలేదు, అంతే తేడా.

బయటికి వచ్చి లోపల ఇరుక్కున్న సగాన్ని డ్రిల్లుతో తొలిచేశాను. ఉప్పు గడ్డలన్నీ గీకి, హోసు పెట్టి కడిగాను. కొత్త రేడియేటర్ కూర్చోబెట్టి, ఆ కన్నంలోంచి కొత్త బోల్టు దూర్చి అడుగున నట్టు బిగించాను. కూలెంట్ పోసి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, కింద అట్టముక్క పరిచి చూశాం. చుక్క పడలేదు. అమ్మాయి నన్ను వాటేసుకుంది, చొక్కా నిండా గ్రీజు అంటించుకుంది.

ఆదివారం పొద్దున్న సామాను ఎక్కించాక అమ్మ ఆ విరిగిన బోల్టుతో బయటికి వచ్చింది. మనవరాలు పొడుగరి, చెయ్యి అందాలని మోకాళ్లు వంచి నిలబడింది. ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అంటూ అమ్మ బోల్టుని పిల్ల చుట్టూ తిప్పింది. తిప్పి, అలవాటు కొద్దీ బానెట్ వైపు నడిచింది. నడిచి ఆగింది.

“ఒరేయ్, ఎవరూ తొక్కని చోటు ఇంకెక్కడుందిరా?”

నేను చెయ్యి చాపాను. అందులో పెట్టింది.

కారు వీధి మలుపు తిరిగింది. అమ్మ లోపలికి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. కొండ దిగాక పెట్రోలు బంకు దగ్గర ఆగి అమ్మాయి ఫోన్ చేసేదాకా ఆ బోల్టు నా గుప్పిట్లోనే ఉంది.