చివరి చుక్క

హోసూరు బస్టాండు వెనక వీధిలో నళిని కంప్యూటర్ సెంటరు నడిపేది. చిన్న కంపెనీలకు సొంత పేరుతో ఈమెయిల్ అడ్రసులు పెట్టివ్వడం ఆమె పని. కూర్చోగానే గాజులు పైకి తోసుకునేది. టైపు చేసిన ప్రతి వరుసనూ తెరమీద వేలు పెట్టి, అక్షరం అక్షరం పైకి చదివేది.

రెండువేల ఆరు జనవరిలో గులాబీతోట కొండప్ప ఆందోళనగా వచ్చాడు. పూలు కొనే విదేశీ వ్యాపారి ఆర్డరు పంపానని ఫోన్ చేశాడట, మెయిలు మాత్రం రాలేదు. "పూలు మొగ్గమీద ఉండాయమ్మా. ఆర్డరు యాడ పోయినట్టు?" నళిని ఆయన అడ్రసు కోసం తాను టైపు చేసిన డొమైన్ రికార్డులు తెరిచి చదువుతూ, ఒకచోట ఆగిపోయింది. తప్పు సర్వరు కంపెనీ మీదికి నెట్టేస్తే ఆయన నమ్మేవాడే. "తప్పు నాదే అప్పా," అంది. "మీకొచ్చే మెయిళ్లు ఏ సర్వరుకు చేరాలో చెప్పే వరుస ఇది. సర్వరు పేరు చివర చుక్క పెట్టాల, లేకుంటే పేరు మారిపోయి మెయిలు చేరదు. అక్షరాలు చదివినాను గానీ చుక్క చూసుకోలేదు." వెంటనే చుక్క పెట్టింది. "ఇది అన్ని చోట్లా తెలిసేదానికి ఒక దినం పడుతుంది. రేపు మళ్లా పంపమనండి." కొండప్ప వ్యాపారికి ఫోన్ చెయ్యడానికి లేచి వెళ్లాడు.

మర్నాడు సాయంత్రం ఆయన వచ్చేసరికి ఆర్డరు వచ్చి ఉంది. నళిని జవాబు టైపు చేసి, తెలుగులో చెప్పి వినిపించింది. "పంపేదా అప్పా?"

"ఉండమ్మా, నేను నొక్కుతాను." ముళ్లు గీరిన వేలితో మౌస్ నొక్కి, కొండప్ప కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇంగ మా తమ్ముని తోటకు కూడా ఒక అడ్రసు చేసియ్యమ్మా."