ఈశ్వరప్ప నూటమూడు

ఈశ్వరప్ప ఎవరు ఎదురైనా బాగున్నావా అని అడిగేవాడు కాదు. “ఏ యేడు పుట్టినావప్పా? ఇప్పుడు వయసెంత?” అనేవాడు. పుట్టిన ఏడులో చివరి రెండంకెలకు ఈ ఏడు నిండే వయసు కలిపేవాడు. తొంభై ఎనిమిదిలో అందరికీ తొంభై ఎనిమిదే వచ్చింది. రెండు వేలలో అందరికీ వంద. “చూసినావా, ఊరంతా ఒకటే లెక్క!” అని తొడ చరుచుకునేవాడు. శెనక్కాయల మిషన్‌లో ముప్పై ఏళ్లు తూకం వేసిన మనిషి. వానల్లేక, కాయలు రాక మిషన్ మూతపడింది గానీ ఆయన నోరు మూతపడలేదు.

ఒకసారి కంబదూరు బస్సులో కండక్టరు టికెట్ అడిగితే, ముందు నీ వయసు చెప్పమన్నాడు. కండక్టరు విసిగిపోయి నడి దారిలో దించేశాడు. ఈశ్వరప్ప ఎండలో బస్సు వెంట పరిగెత్తుతూ, “యాభై ఎనిమిదిలో పుట్టింటావు! నలభై రెండు! వంద!” అని అరిచాడు. ఆ రోజు తొమ్మిది కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరాడు.

ఇంతవరకైతే పక్కింటి కదిరమ్మ కూడా నవ్వి ఊరుకునేది. ఆమె క్షమించలేనిది వేరే ఉంది. తొంభై ఎనిమిదిలో ఆమె మొగుడు పోయినప్పుడు, పాడె కట్టి అందరూ ఏడుస్తుంటే ఈశ్వరప్ప వేళ్లు ముడుచుకున్నాడు. “ముప్పైలో పుట్టినాడు. అరవై ఎనిమిది. మొత్తం తొంభై ఎనిమిది. సరిపోయింది, ఎత్తండప్పా!” మోసేవాళ్లకు నవ్వాగక పాడె ఊగింది. “నీ లెక్క మండిపోనూ!” అని కదిరమ్మ శవం ముందరే తిట్టింది.

ఆ తర్వాత నాలుగేళ్లు చినుకు సరిగ్గా పడలేదు. కదిరమ్మ ఇంట్లో ఆరు నోళ్లు. కొడుకు మారెప్ప కంకర కొట్టి తెచ్చేది నాలుగు నోళ్లకు కూడా చాలదు. మిగతా రెండు ఎవరివో చెప్పనక్కరలేదు. ముసలిదీ కోడలూ వంతులేసుకుని పస్తులుండేవాళ్లు. అట్లాంటప్పుడు, అరవై ఐదు దాటిన పేదలకు నెలకు పది కేజీల బియ్యం ఉచితమన్నారు.

కదిరమ్మ రేషన్ కార్డు డీలరుకు చూపించింది. అందులో ఆమె వయసు నలభై ఎనిమిది. కొడుకు వయసు యాభై. తలెత్తి మొహం చూడకుండా రాసిపారేసిన మహానుభావుడెవరో మరి! తనిఖీకి ఆఫీసరు వస్తాడనీ, నోటితో అడిగి దిద్దుతాడనీ తెలిసింది. పక్క ఊళ్లో ముసలాళ్లు చెప్పిన వయసుకూ, పుట్టిన ఏడుకూ పొంతన లేదని పద్నాలుగు పేర్లు కొట్టేశాడనీ తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఈశ్వరప్ప కదిరమ్మ గుమ్మంలో దిగాడు.

“మీ అమ్మ నిన్ను కన్నప్పుడు ఏం తినిందంట?”

“బలుసాకు.”

“అయితే కరువు యేడు.”

“ఈడ కరువు గాని యేడు యాడుండాదన్నా?”

ఆయన కళ్లు మూసుకుని, ఆకాశంతో సంప్రదించినట్టు తల ఊపి, “ముప్పై నాలుగు. ఇప్పుడు అరవై ఎనిమిది. మొత్తం నూటరెండు. నోటికి రావల్ల” అన్నాడు.

అంతటితో పోనిచ్చాడా! రోజూ గోడ మీంచి “ముప్పై నాలుగుకు?” అని అరుపు. “అరవై ఎనిమిది, పో సామీ!” అని ఈమె జవాబు. ఊళ్లో ఉన్న పందొమ్మిది మంది ముసలాళ్లకూ ఇదే సుప్రభాతం. ఏ ఏడు వయసు అడిగినా పుట్టిన అంకె దగ్గర మొదలుపెట్టి వేళ్ల కణుపుల మీద ఎట్లా లెక్కించాలో కూడా నేర్పాడు.

తీరా ఆఫీసరు డిసెంబరులో రాలేదు. జనవరి ఒకటిన ఈశ్వరప్ప ఇల్లిల్లూ తిరిగి, “అందరూ ఒక్కటి పెంచండి! ఈ యేడు నూటమూడు!” అని చాటింపు వేశాడు. ఆ ముసలాళ్లలో ఒకరైన లక్ష్మీనరసమ్మ చీపురు ఎత్తింది. “బియ్యం రాలేదు గానీ యేండ్లు ముందే వచ్చినాయా నీకు?”

వారానికి ఆఫీసరు వచ్చాడు. క్యాలుక్యులేటరు మీద ఆయన వేలు ఆనేలోపే ముసలాళ్లు రెండంకెలూ టకటకా చెప్పేస్తున్నారు. ఆయనకు అనుమానం వచ్చి కదిరమ్మను ఆపాడు.

“స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నీకెన్నేళ్లు?”

అది నలభై ఏడని ఈశ్వరప్ప ముందే చెప్పిపెట్టాడు. కదిరమ్మ చీర కొంగు కింద ముప్పై నాలుగు నుంచి కణుపులు లెక్కపెట్టింది. “పదమూడు సార్.”

“అప్పటి సంగతులు ఏమైనా గుర్తున్నాయా?”

“ఆకలి సార్.”

ఆయన ఇంకేమీ అడక్కుండా పేరు రాసుకున్నాడు.

చివర్న ఈశ్వరప్ప నిలబడ్డాడు. ఊళ్లో ఆ ఈడువాళ్లలో బడికి పోయింది ఆయనొక్కడే. ఆఫీసరు అడిగిన ఐదో తరగతి కాగితం చూపించి, “నలభై రెండు. అరవై ఒకటి” అన్నాడు. ఇంకా నాలుగేళ్లు ఆగాలన్నాడు ఆఫీసరు.

కదిరమ్మ నిలబడిపోయింది. చిన్నప్పుడు తన తల్లి కూలికి పోతే, తనను చంకనెత్తుకుని తిప్పింది ఈ ఈశ్వరప్పే. తనకంటే మూడేళ్లు పెద్ద. ఆయనకు అరవై ఒకటైతే తనకు అరవై తొమ్మిది ఎట్లా అయింది? ఆఫీసరు జీపు ఊరు దాటాక ఆయన్ను పట్టుకుంది.

“నిజం చెప్పన్నా. నాకెన్నేండ్లు?”

“యాభై ఎనిమిది.”

“మరి మొత్తం నూటమూడు వచ్చిందే!”

“ఏ యేడు పెట్టినా నూటమూడే వస్తాదమ్మా. నిజమా అబద్ధమా అని అది అడగదు.”

“పదకొండేండ్లు పెంచినావా?”

“ఆకలి అరవై ఐదు దాకా ఆగుతాదా?”

“నీకెందుకు పెంచుకోలేదు?”

“నా చేతిలో కాగితం ఉండాదే. చదువుకున్న పాపం!” అని నవ్వాడు. ఆ నవ్వుకు చొక్కా కింద డొక్కలు ఎగిరాయి. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేడు. ఇన్నాళ్లూ తిట్టినందుకు కదిరమ్మకు సిగ్గేసింది. ఆ కాగితం చూసిన ఆఫీసరు మీద ఒళ్లు మండింది.

బియ్యం వచ్చిన రోజు ఈశ్వరప్ప గుమ్మం ముందు నుంచి పోతుంటే కదిరమ్మ కేకేసింది.

“రేయ్ ఈశ్వరా! ఇట్ల రా!”

ఆయన అదిరిపడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆయన్ను రేయ్ అనలేదు.

“కూచో. తిను.”

“వద్దు కదిరమ్మా, మీ ఇంట్లోనే ఆరుగురు…”

“సర్కారు కాగితంలో నీకంటే ఎనిమిదేండ్లు పెద్దదాన్ని. అక్కా అను.”

ఈశ్వరప్ప కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. తప్పు దొరకలేదు. “సరే అక్కా” అని అన్నం తట్ట ముందు కూర్చున్నాడు.

“చాలక్కా” అన్నప్పుడు, “పెద్దోళ్లకు ఎదురు చెప్తావా?” అని కదిరమ్మ ఇంకో ముద్ద వేసింది.