ఆ రేడియో కాల్చింది ఆయన కాదు

మా పై ఫ్లోర్ అంకుల్ పోయారన్న సంగతి నాకు సొసైటీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "టవర్ బి, నైన్త్ ఫ్లోర్ అంకుల్ నో మోర్. లిఫ్ట్ నంబర్ టూ పదకొండింటి దాకా వాడొద్దు" అని సెక్రటరీ పెట్టాడు. దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఆ దండాల మధ్యలోనే ఎవరో, నంబర్ వన్ లిఫ్ట్ కూడా ఆగి ఆగి నడుస్తోంది, కాస్త చూడండి అని రాశాడు. నేనప్పుడు ఆఫీసుకు క్యాబ్‌లో వెళ్తున్నాను. బండి వెనక్కి తిప్పమంటే డ్రైవర్, "మేడమ్, యూటర్న్ బహుత్ ఆగే హై" అన్నాడు, చాలా ముందుకెళ్తే గానీ తిప్పలేనని. పాపం అతని తప్పేమీ లేదు, అయినా అతని మీద కూడా అరిచాను.

ఆ కోపం ఇంకా దిగలేదు. చదివేవాళ్లకు ముందే చెప్పడం మంచిది, నేనిది శాంతంగా కూర్చుని రాయడం లేదు.

నాలుగో రోజు కమ్యూనిటీ హాల్లో తెల్ల దుప్పట్లు పరిచి సంతాప సభ పెట్టారు. సెక్రటరీ మైకు పట్టుకుని, "బడే గుణీ ఆద్మీ థే. పర్ ఆఖిర్ మే హాథ్ మే వో బాత్ నహీ రహీ. కిసీ కా కార్ రేడియో జలా బైఠే, బేచారే" అన్నాడు. మంచి పనివాడే కానీ చివర్లో చేతిలో పట్టు తప్పి ఎవరిదో కారు రేడియో కాల్చేశాడట, పాపమట. హాలంతా జాలిగా నిట్టూర్చింది. ముందు వరసలో కూర్చున్న ఆంటీ, అంటే ఆయన భార్య, అవునన్నట్టు తలూపారు.

ఆ రేడియో కాల్చింది ఆయన కాదు. నేను. ఆ రోజు మూడో వరసలో తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నదీ నేనే.

ఆయనది బాపట్ల వైపు. కేంద్ర ప్రభుత్వంలో వైర్‌లెస్ పని చేసి, సర్వీసంతా ఢిల్లీ ఆర్కే పురం క్వార్టర్స్‌లో గడిపి, రిటైరయ్యాక ఇందిరాపురంలో మా పై ఫ్లాటు కొనుక్కున్నారు. వెనక బాల్కనీకి అద్దాలు బిగించి, అందులో పాత కార్ల రేడియోలు బాగుచేసేవారు. ఇళ్లలో వాడే రేడియోలు ముట్టుకునేవారు కాదు. "వాటికేం, అల్మారా మీద కూర్చుని పాడతాయి. కారు రేడియో గుంతల్లో, ఎండలో, ఇంజను సెగలో పాడాలి. మర్యాద దానికి చెయ్యాలి" అనేవారు.

నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లింది కొట్లాడడానికి. ఆదివారం పొద్దున నా నెత్తి మీద బరబరమని ఒకటే గోల. తలుపు తీయగానే, "అంకుల్, ఆదివారం పూటన్న పండనియ్యరా?" అన్నాను. మాది వరంగల్, కోపమొస్తే నా నోట్లో ఆ భాషే వస్తుంది. ఆయన గోడ గడియారం వైపు చూసి, "తొమ్మిదైందే తల్లీ! సరే, వచ్చావుగా, ఈ టార్చి కాస్త పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకు కిందికి దిగాను. తర్వాత నాలుగేళ్లు నా ఆదివారాలన్నీ అక్కడే.

గుడ్లు తినని ఇంట్లో గుడ్ల అట్టలుండేవి, మా ఇంటి నుంచి తీసుకెళ్లినవే. విప్పిన మరలు విప్పిన వరసలో ఒక్కో గుంటలో వేసేవారు. కరెంటున్న పెట్టెలో కుడిచెయ్యి పెట్టాల్సి వస్తే ఎడమచెయ్యి జేబులో దాచుకునేవారు, షాకు కొడితే గుండెకు చేరకుండా. నన్ను కూడా జేబులున్న కుర్తాలే కొనుక్కోమన్నారు. పాత డబ్బాలో బ్లూటూత్ బోర్డు పెట్టివ్వమని వచ్చేవాళ్లకు టీ ఇచ్చి మరీ పంపించేసేవారు. "పెట్టె ఒకరిదీ, గొంతొకరిదీనా?" అనేవారు. ఇంకో మాట ప్రతి రేడియో విప్పేటప్పుడూ అనేవారు. "ఎవరు చెడగొట్టారని అడక్కు, ఏది చెడిందో అడుగు." అప్పట్లో ఆ మాట నాకెంత నచ్చిందో! ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. ఎవరని కూడా ఎవరో ఒకరు అడగాలి అంకుల్. అడిగి ఉంటే బాగుండేది.

ఆ రేడియో తెచ్చిపెట్టింది కూడా నేనే. అప్పటి మా ఆఫీసు డైరెక్టరుకు పాత ఇంగ్లీషు కారొకటి ఉండేది. దాని రేడియో ఏళ్లుగా మూగది. నాకు తెలిసినాయన ఉన్నారని మీటింగులో గొప్పకు పోయి చెప్పాను. విప్పి చూస్తే చివర స్పీకరుకు బలమిచ్చే రెండు ట్రాన్సిస్టర్లు పోయాయి. జెర్మేనియంతో చేసిన పాతకాలపువి, ఇప్పుడెవరూ తయారుచెయ్యరు. పైగా రెండూ కవలల్లా ఒకేలా పనిచేయాలి. ఎనిమిది నెలలు తిరిగాం. మాయాపురి పాత ఇనుము బజారులో అంకుల్ మోకాళ్ల మీద కూర్చుని గుట్టలు కెలికేవారు. దుకాణంవాడు, "అంకుల్‌జీ, నయా లగా లో నా!" అని కొత్తవి పెట్టుకోమంటే నవ్వి ఇంకో గుట్ట దగ్గరికి జరిగేవారు.

చివరికి పాత ఢిల్లీలో, మైకుసెట్లు అద్దెకిచ్చే ఒక దుకాణం మూల, రామ్‌లీలా నాటకాలకు తిప్పిన ఆంప్లిఫయర్ దొరికింది. అందులో అలాంటివి ఆరున్నాయి. ఇంటికి తెచ్చి వారం రోజులు కొలిచి కొలిచి ఒక జత కుదిర్చారు. ఆ ఆరింటినీ మెట్రోలో ఎలా తెచ్చారనుకున్నారు? కళ్లజోడు పెట్టెలో. కళ్లజోడు మాత్రం చొక్కా జేబులో పడేసుకున్నారు, వంగినప్పుడల్లా అది జారి కిందపడేది.

ఇప్పటి కార్లలో బ్యాటరీ మైనస్ వైపు బండి ఒంటికి కలుపుతారు. ఆ ఇంగ్లీషు కారులో తిరగేసి ఉంటుంది, ఒంటికి కలిపేది ప్లస్. దాని రేడియో డబ్బా కూడా అంతే. నాకు ఇరవైసార్లు చెప్పారు. చాలదని డబ్బా మీద కాగితం అంటించి తెలుగులో "బాడీకి ప్లస్" అని రాశారు. నేనేమన్నా చిన్నపిల్లనా అని వెక్కిరించాను కూడా.

ఆ ఆదివారం ఆయన కొత్తిమీర కోసం కిందికి వెళ్లారు. రేడియో బిగించడం అయిపోయింది, వచ్చాక బ్యాటరీకి కలుపుదామన్నారు. ఇంతలో రేడియో పాడే వీడియో ఏదీ అని డైరెక్టరు మెసేజి. నాకు ఆగబుద్ధి కాలేదు. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, కుడిచేత్తో అలవాటుకొద్దీ ప్లస్ వైపు ఎర్ర క్లిప్పు వైరుకు, మైనస్ వైపు నల్ల క్లిప్పు డబ్బాకు పెట్టాను. టప్‌మని చిన్న చప్పుడు. తర్వాత వాసన. ఎనిమిది నెలల తిరుగుడు అంతసేపట్లో పోయింది. ఫోన్ ఇంకా వీడియో తీస్తూనే ఉంది.

ఆయన కొత్తిమీర కట్ట బల్ల మీద పెట్టి, ట్రాన్సిస్టరు మీద వేలు ఆనించి చటుక్కున తీసేశారు.

"పోయాయి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "చెయ్యి కాలిందా?"

"లేదంకుల్."

"అయితే సరే."

తిట్టలేదు. ఒక్క మాట తిట్టి ఉంటే నేను ఏడ్చి, ఒప్పుకుని, బయటపడేదాన్ని. నేను చూస్తుండగానే ఫోన్ తీసి డైరెక్టరుకు కలిపి, "మై మిస్టేక్, సర్. ఉల్టా కనెక్ట్ కియా. ఉమర్ హో గయీ" అన్నారు. తిరగేసి కలిపింది తనేనట, వయసైపోయిందట. ఫోన్ పెట్టేశాక, "నువ్వు ఆయన దగ్గర పనిచేస్తున్నావు. నాకు ఆయనతో ఏం పని?" అన్నారు. నేను సరేనన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో ఇప్పటికీ నాకర్థం కాదు.

డైరెక్టరు రేడియో తీసుకెళ్లి అందులో బ్లూటూత్ పెట్టించాడు. పాతకార్లవాళ్లు కలిసిన చోటల్లా ముసలాయన కథ చెప్పి నవ్వించాడు. ఆ చలికాలానికి అంకుల్ దగ్గరికి రేడియోలు రావడం ఆగిపోయింది. చేతిలో పట్టు పోయిందన్న మాట తిరిగి తిరిగి ఆంటీ చెవిన పడింది. ఒళ్లు కాల్చుకుంటారని భయపడి ఆవిడ సోల్డరింగ్ ఐరన్‌నీ గుడ్ల అట్టల్నీ పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. ఆయన అద్దాల బాల్కనీలో ఖాళీ బల్ల ముందు కూర్చునేవారు. పచ్చి బఠాణీలు వలుస్తానన్నా ఆంటీ గిన్నె లాక్కునేవారు.

ఒకసారి, ఒకే ఒక్కసారి, "ఆంటీకైనా చెప్పండి అంకుల్" అన్నాను.

"ఆవిడ ఊరుకుంటుందా? మీ డైరెక్టరు నంబరు వెతికి మరీ ఫోన్ చేస్తుంది" అని నవ్వారు.

పోయిన ఏడాది నేను ఆ ఉద్యోగం మానేశాను. అప్పుడు చెప్పడానికి నాకేం అడ్డం? ఏమీ లేదు. రేపు చెబుదాం, పండగయ్యాక చెబుదాం అనుకున్నాను. ఆయన మీదా కోపమే నాకు. మీ పేరు మీ ఒక్కరిదే అనుకున్నారు అంకుల్. చేతి పనివాడికి పేరు తప్ప ఏముంటుంది? దాన్ని నాలాంటిదానికి గొడుగులా పట్టి తడిసిపోయారు, నేను మాత్రం పొడిగా ఉద్యోగం చేసుకున్నాను.

సభ అయిన రోజు డైరెక్టరుకు జరిగిందంతా రాసి, ఆ వీడియో కూడా పంపాను. జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే అంతకంటే ఏమొస్తుంది?

కర్మలన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం పైకి వెళ్లి ఆంటీకి చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, సాకులు కలపకుండా చెప్పాను.

"అయితే ఆయన చేతులకు ఏమీ కాలేదా?"

"ఏమీ కాలేదాంటీ."

"డాక్టరుకు చూపిద్దామంటే వద్దనేవారు. వయసేలే, ఊరుకో అనేవారు. రెండేళ్లు చొక్కా గుండీలు నేనే పెట్టానమ్మా. స్నానం చేసొచ్చి ఎదురుగా నిలబడేవారు. మొదటి రోజు, నేను పెట్టుకోగలనే అన్నారు. ఆ చెయ్యి పక్కకు కొట్టేశాను. మళ్లీ అనలేదు. రెండు చేతులూ కిందికి వదిలేసి, పెట్టించుకునేవారు."

నేను తల దించుకున్నాను.

"ఒక్క ఫ్లోరు ఎక్కి రావడానికి రెండేళ్లు పట్టిందా నీకు?"

తలెత్తి చూస్తే ఆవిడ నన్ను చూడడం లేదు. ఎదురుగా ఉన్న ఖాళీలో, మనిషి ఛాతీ ఎత్తున, ఆవిడ వేళ్లు మెడ దగ్గర మొదలుపెట్టి ఒక్కో గుండీ పెడుతూ కిందికి దిగుతున్నాయి.