ఇంటికొక్కరికే

అక్కా నేనూ కలిసి చాలా తిరిగాం. బడికి, పత్తిచేలకు, కాలేజీకి, చుట్టాల పెళ్ళిళ్ళకు. కానీ మా ఇద్దరి తిరుగుడు అనగానే నాకు గుర్తొచ్చేది ఒక్క నెలన్నరే. విదేశాల్లో చదువుకునే పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ కోసం మేమిద్దరం కాగితాలు పోగుచేసిన నెలన్నర. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ వెనకే సిగ్గు కూడా వస్తుంది.

మాది రాయచూరు తాలూకాలో ఇడపనూరు దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో ఉర్దూ. నాయినకు మూడెకరాల నల్లరేగడి ఉంది, వాన పడితేనే పంట. మట్టి పని చేసేవాళ్ళం మట్టి గురించే చదువుకోవాలని మా ఇద్దరినీ వ్యవసాయ కాలేజీలో వేశాడు. అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. తన చదువయ్యాక విత్తనాల కంపెనీలో పనిచేస్తూ నా డిగ్రీ అయ్యేదాకా ఆగింది. తర్వాత ఇద్దరం ఒకేసారి విదేశీ యూనివర్సిటీలకు రాశాం. రాశాం అంటే, అక్క రాసింది. నేను పక్కన కూర్చుని తొందరపెట్టాను. ఆమెకు బ్రిటన్‌లో, నాకు నెదర్లాండ్స్‌లో సీటు వచ్చింది. ఫీజు ఎంతో నాయినకు చెప్పనేలేదు, చెప్పినా నమ్మేవాడు కాదు. స్కాలర్‌షిప్ వస్తే పోతాం, రాకపోతే లేదు.

కాగితాల జాబితా చాంతాడంత ఉంది. కులం పత్రం, ఆదాయం పత్రం, నివాసం పత్రం, ఒకటో తరగతి నుంచి చదివిన ప్రతి బడి నుంచీ ఒక పత్రం. అన్నీ రెండేసి సెట్లు, ఆమెకొకటి, నాకొకటి. పొద్దున ఏడింటి బస్సెక్కితే సాయంత్రం దాకా తిరుగుడే. అక్క దగ్గర నీలం ఫైలు, నా దగ్గర నీళ్ళ సీసా. ఏ పని ఎవరు చేయాలో మాకు ముందే తెలుసు. మర్యాదగా మాట్లాడేది అక్క. ‘రేపు రాండ్రి’ అన్నవాళ్ళతో జగడమాడేది నేను. ఆదాయం పత్రం కోసం మూడుసార్లు తిప్పించుకున్న ఒక గుమస్తా ముందు నేను గొంతు పెంచితే, అక్క నా జడ పట్టి వెనక్కి లాగి, ఆయనను కన్నడంలో క్షేమసమాచారాలు అడిగి, పది నిమిషాల్లో సంతకం పెట్టించుకొచ్చింది.

"నీ నోరుంటే మనకు స్కాలర్‌షిప్పు గాదు, జైలుశిక్ష వస్తది" అంది బయటికొచ్చాక.

ఫొటోల రోజైతే ఇద్దరికీ నవ్వు ఆగలేదు. రాయచూరు స్టూడియోలో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ కలిపి ఒకటే కోటుంది. మొదట అక్క వేసుకుంది, తర్వాత అదే విప్పి నాకిచ్చింది. దాని చేతులు నా వేళ్ళను దాటి వేలాడుతున్నాయి. ఫొటో తీసే ముసలాయన "హస్నా నక్కో, హస్నా నక్కో!" అని, నవ్వొద్దని గదమాయించేకొద్దీ నాకు నవ్వు ఎక్కువైంది. చివరికి విసిగిపోయి అక్కను బయటికి పంపేశాడు. అప్పటికిగానీ నా ముఖం ప్రభుత్వానికి పనికొచ్చేలా కుదరలేదు. పనులయ్యాక బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాని, మిర్చి బజ్జీ తినేవాళ్ళం. కారం నాకు పడదు. బజ్జీ విప్పి, పైన తొడుగు నాకు పెట్టి, లోపలి మిర్చి అక్క తినేది. తిరుగు బస్సులో కిటికీ సీటు నాదే. నేను అక్కడ మంచు చూస్తానా, వాన చూస్తానా అని అడిగితే, ముందు బస్సు దిగి ఊరు చూడమనేది.

నెదర్లాండ్స్‌లో ఉన్న రెండేళ్ళలో నాకు ఇంటికంటే ఎక్కువ గుర్తొచ్చింది ఆ బస్సులే. ఆ నెలన్నరలో మేమిద్దరం ఒకే పనిమీద ఉన్నాం. అంత దగ్గరగా మళ్ళీ ఎప్పుడూ లేం. దానికి కారణం నేనే.

గడువు ఇంకా ఐదు రోజులుందనగా, ఒక శనివారం రాయచూరులో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణంలో కూర్చున్నాం. కంప్యూటరు ముందున్న అతను మా రెండు సెట్ల కాగితాలు చూసి చేతులు ఆపేశాడు.

"అక్కా, మీరిద్దరూ ఒక్క ఇంటోళ్ళేనా?"

"అవు, అక్కచెల్లెండ్లం" అన్నాను.

"గట్లయితే నడవదక్కా. ఇంటికొక్కరికే. ఆఖరి పేజీల ఉంది సూడుండ్రి. ఇంక ఎవ్వరూ ఏస్తలేరని మీ నాయిన రాసియ్యాలె."

అక్క వంగి ఆ పేజీ చదివింది. రెండుసార్లు చదివింది. నేను చదవలేదు, ఆమె ముఖమే చూశాను. అందులో ఏమీ దొరకలేదు. ఫైలు మూసి, "పా, ఇంటికి పోదాం" అంది. ఆ రోజు ఉగ్గాని తినలేదు.

ఇంట్లో విషయం చెప్పగానే నాయిన తల పట్టుకున్నాడు. "ఎవ్వరి పేరు రాయాలో మీరే చెప్పుండ్రి బిడ్డా. నాతోని కాదు" అన్నాడు. నిజం ఒప్పుకోవాలి. నాకు ఆ రోజు అక్కమీద ఒళ్ళు మండింది. పెద్దది కదా, ఎప్పటిలా తానే తప్పుకుంటుందని నేను ఎదురుచూశాను. మిర్చి తొడుగు పెట్టినంత సులువుగా స్కాలర్‌షిప్ కూడా ఇచ్చేస్తుందనుకున్నాను. ఆమె ఇవ్వలేదు. నువ్వు పో అనలేదు, నేను పోతా అనలేదు. ఎప్పటిలాగే పొయ్యి ముట్టించి, నీళ్ళు తోడి, నా బట్టలు కూడా ఉతికింది. ఆ మౌనం నాకు పంతంలా కనిపించింది. ఆమెకూ ఒక కోరిక ఉంటుందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

మూడో రోజున అవ్వ, అంటే నాయిన తల్లి, తీర్పు చెప్పింది.

"మనుషులతోని తెగనప్పుడు ఊరమ్మను అడుగుతరు. మంగళారం పువ్వడుగుదాం."

మా ఊళ్ళో ఇది కొత్తేమీ కాదు. బావి తవ్వాలన్నా, సంబంధం ఖాయం చేయాలన్నా, ఎద్దులు అమ్మాలన్నా ఊరమ్మను పువ్వడుగుతారు. రాతి విగ్రహాన్ని కడిగి, రెండు భుజాలమీదా తడి పువ్వులు అంటిస్తారు. పూజారి ప్రశ్న చెప్పి గంట కొడతాడు. ఏ దిక్కు పువ్వు ముందు రాలితే ఆ దిక్కు జవాబు. విగ్రహాన్ని కడిగి పువ్వులు అంటించే పని మాత్రం పూజారిది కాదు. అడిగే ఇంటి పెళ్ళికాని ఆడపిల్లలది. అంతసేపూ పూజారీ పెద్దలూ బయటే ఉంటారు. మా ఇంట్లో పెళ్ళికాని ఆడపిల్లలంటే మేమిద్దరమే.

కుడి దిక్కు అక్కకు, ఎడమ దిక్కు నాకు అన్నారు. ఎడమంటే అమ్మవారు వద్దన్నట్లు కదా అని అమ్మ సందేహపడింది. "అది ఎడమ సేతి పిల్లనే గదా, దాని దిక్కు అదే" అని అవ్వ కొట్టిపారేసింది.

మంగళవారం పొద్దున గుడికి పోయాం. గుడి అంటే ఒక్క మనిషి వంగి దూరే గది. నేను లోపలికి దూరాను. అక్క బిందెతో గడప దగ్గర నిలబడి నీళ్ళందించింది. విగ్రహం కడిగాను. గన్నేరు పువ్వులు తీసుకున్నాను. అప్పుడు నా చేతులు ఒక పని చేశాయి. చేతులు అంటున్నాను గానీ, చేసింది నేనే. పూజ గిన్నెలోని తడి పసుపు ముద్దంత తీసి కుడి భుజానికి పట్టించి, దానిలోకి అక్క పువ్వులు గుచ్చినట్టు అదిమాను. ఎడమ భుజంమీద పసుపే పెట్టలేదు. వట్టి నీటి తడిమీద నా పువ్వులు ఆనించాను. చదువుకున్నది మట్టి శాస్త్రం. ఏది ఎంతసేపు అంటుకుని ఉంటుందో నాకు బాగానే తెలుసు.

చేతికంటిన పసుపు తుడుచుకుని బయటికొచ్చాను. అక్క ఖాళీ బిందె పక్కన పెట్టి, పమిట సర్దుకుని నిలబడింది.

పూజారికి ప్రశ్న ఎట్లా అడగాలో తోచలేదు. ఎద్దుల సంగతైతే అలవాటే, ఇది కొత్త. "అమ్మా, ఈ పిల్లలు సముద్రం అవతలికి సదువ పోతరంట. సర్కారు ఒక్కరికే ఇస్తదంట. పెద్దదైతే కుడి దిక్కు..." అంటూండగానే ఎడమ భుజంమీది పువ్వు జారి పీటమీద పడింది. వెనకే రెండోది, మూడోది. కుడి దిక్కు ఒక్క రేకు కూడా కదల్లేదు.

"అడగక ముందే ఇచ్చింది తల్లి!" అన్నాడు పూజారి. అవ్వ చేతులు జోడించి ఏడ్చేసింది. ఇంతమందిలో ఒక్కరూ అనుమానపడలేదు. నాయిన ఊపిరి పీల్చుకున్నాడు. ఇద్దరు కూతుళ్ళలో ఒకరిని ఎంచుకునే పాపం తనకు తప్పింది మరి.

రాలిన పువ్వును అక్కే తీసింది. కళ్ళకద్దుకుని నా జడలో పెట్టింది. ఆమె వేళ్ళు చల్లగా తగిలాయి. అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పైగా ఊరమ్మే ఇచ్చిందని నన్ను నేను నమ్మించుకోవడానికి చాలా కష్టపడ్డాను. ఒకటి రెండేళ్ళు కాస్త నమ్మాను కూడా.

గురువారం దరఖాస్తు పంపాం. ఏ ఖాళీ ఎట్లా నింపాలో అంతా అక్కే చెప్పింది. ఇంక ఎవరూ వేయడం లేదన్న కాగితం కూడా ఆమె చేత్తోనే రాసింది, నాయిన కింద కన్నడంలో సంతకం పెట్టాడు. తిరుగు బస్సులో కిటికీ సీటు ఎప్పటిలా నాకే ఇచ్చింది. పక్కన కూర్చుని ఫోన్‌లో ఏదో టైపు చేస్తోంది. బ్రిటన్ యూనివర్సిటీకి రాలేనని రాస్తోంది.

"రాలేకపోతున్నందుకు బాధగా ఉందని గూడ రాయాల్నా?" అని అడిగింది.

"అదేం అక్కర లేదు" అన్నాను, కిటికీలోంచి చూస్తూ.

నాలుగు నెలలకు నా పేరు వచ్చింది. వెళ్ళాను, చదివాను, తిరిగొచ్చాను. ఇప్పుడు రాయచూరులోనే ఒక మట్టి పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. కాలువ కింద చౌడెక్కిన పొలాల మట్టి నా బల్లమీదికి వస్తుంది. పని నాకు ఇష్టం. రైతులు నన్ను ఫారిన్ మేడమ్ అని పిలిచి ఆటపట్టిస్తారు. అక్క పరీక్ష రాసి వ్యవసాయ శాఖలో చేరింది. ముదగల్‌లో ఉద్యోగం, కోట గోడకు దగ్గర్లో అద్దె ఇల్లు. బాగానే ఉంది. ఆమె బాగానే ఉందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

పోయిన ఏడాది మా ల్యాబుకు ఒక అమ్మాయి వచ్చింది, అదే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెడుతోందట. ఏమేం కాగితాలు కావాలని నన్నడిగింది. జాబితా చెప్తూ చెప్తూ ఆఖరి పేజీ దగ్గర ఆపేసి, అది మాత్రం తనే చదువుకోమన్నాను. ఆ ఆదివారం ముదగల్ బస్సెక్కాను.

అక్క వంటింట్లో జొన్నరొట్టెలు కొడుతోంది. నేను గోడకానుకుని కింద కూర్చున్నాను. దారిపొడుగునా అనుకున్న మాటలన్నీ ఎటుపోయాయో పోయాయి.

"అక్కా, ఆ మంగళారం ఊరమ్మ కాడ... కుడి దిక్కు పువ్వులు పడకుండ నేనే పసుపు దట్టంగ పెట్టిన."

రొట్టె కొట్టే చప్పుడు ఆగలేదు.

"తెలుసు. బిందె పట్టుకొని నీ ఎనకనే ఉంటి గదా."

"మరి ఏం అనకపోతివి?"

"అవ్వ అంత నమ్మె. పూజారి ఉండె, అమ్మా నాయినా ఉండ్రి. అందర్ల నిన్ను దొంగను చెయ్యాల్నా?"

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. అక్క చేతికంటిన పిండి దులుపుకుని నా వైపు తిరిగింది.

"కోపం రాలేదా అక్కా?"

"వచ్చె. ఎందుకు రాదు? పసుపుకు గాదు." కొట్టిన రొట్టెను పెనంమీద వేసింది. "నాయిన నన్ను అడగలె. అవ్వ అడగలె. అందరూ పోయి రాయిని అడిగిరి. ఆళ్ళు పోనీ. నువ్వన్న ఒక్క మాట అడగొచ్చు గదా, అక్కా, నేను పోదునా అని."

"అడిగుంటే ఇస్తుంటివా?"

పెనంమీది రొట్టె తిప్పింది. కాలిన వాసన వస్తోంది.

"ఏమో. అడిగుంటే నాకు గూడ తెలుస్తుండె."

రొట్టె తీసి నా పళ్ళెంలో వేసి, చల్లారకముందే తినమంది. తిన్నాను.

ఆ శనివారం నుంచి మంగళవారం దాకా మేమిద్దరం ఒకే చాపమీద పడుకున్నాం, ఒకే బిందె నీళ్ళు మోశాం. ఆ మాట అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. కాదంటుందేమోనని భయపడి, నేను అడగలేదు.